జానెడు గదిలో రెండో మంచం

పోయిన చలికాలంలో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు సభకు పిలిస్తే వెళ్ళాను. చాలా ఏళ్ళ తరువాత వెళ్ళడం. సభలో నాలో సగం ఎత్తున్న పూలగుత్తి ఒకటి చేతికిచ్చి ఫోటో తీశారు. మర్నాడు రైలుకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉంటే, ఆటో మాట్లాడుకుని పూరీ గేట్ వైపు పోనిమ్మన్నాను. నేను వెతుకుతున్న ఇల్లు లేదు. రెండు గేటు స్తంభాలు, సగం కూలిన వంటగది గోడ, మధ్యలో మోకాలెత్తు గడ్డి ఉన్నాయి. “ఇక్కడేముండేది దీదీ?” అని ఆటో అతను హిందీలో అడిగాడు. “బొమ్మరిల్లు” అన్నాను. నా హిందీ తప్పిందనుకున్నాడేమో, “చిన్నపిల్లల స్కూలా?” అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. అయిదు నిమిషాలు నిలబడి వచ్చేశాను. రైల్లో కూర్చున్నాక మాత్రం, ఎవరూ లేని ఆ గడ్డి మధ్య ఒకప్పుడు గాజు తలుపుల వెనక ఉండిన ఇంకో ఇల్లు, అందులోని ప్రతి కుర్చీతో సహా, వరుసగా గుర్తుకు రావడం మొదలుపెట్టింది.

అప్పట్లో మేము నిమ్‌పురాలో ఉండేవాళ్ళం. రెండు గదుల రైల్వే క్వార్టరు, వెనక చిన్న పెరడు, పెరటి గోడ అవతల యార్డు. మా నాన్న అప్పలస్వామి వర్క్‌షాపులో వడ్రంగి. రైలు పెట్టెల్లో కూర్చునే బల్లలు, కిటికీల చట్రాలు చేసేవాడు. తెల్లవారేసరికి వీధిలో ప్రతి గడప ముందూ బొగ్గు పొయ్యి పెట్టి రాజేసేవారు. ఆ పొగ మంచుతో కలిసి ఇళ్ళలోకి దూరేది. మా ఇంట్లో దుప్పట్లకు, బియ్యానికి, నా పుస్తకాలకు కూడా ఆ వాసనే. వర్క్‌షాపు మొదటి కూత వేసేసరికి నాన్న చోడి అంబలి, అదే రాగి జావ, తాగేసి ఉండాలి, రెండో కూతకు సైకిలు ఎక్కి ఉండాలి. అమ్మ పగలంతా కూతలను బట్టే వంట చేసేది. మా ఇంట్లో గడియారం లేదు, ఆ లోటు ఎవరికీ తెలియలేదు. నాన్న సాయంత్రం వస్తే చొక్కా విప్పి పెరట్లో దులిపేవాడు. టేకు రజను రాలేది. నాయనమ్మ ఆ రజనును చేటలోకి ఎత్తి పొయ్యి రాజేయడానికి దాచేది.

నాయనమ్మ పేరు పైడమ్మ. నాన్న పసివాడిగా ఉన్నప్పుడే విజయనగరం దగ్గరి పల్లె నుంచి తాతయ్యతో వచ్చి ఈ రైల్వే ఊళ్ళో స్థిరపడింది. తాతయ్యను నేను చూడలేదు. నాయనమ్మ మనిషి పొట్టి, నడుం వంగలేదు. మా ప్రాంతపు ముసలమ్మలందరిలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపును నోట్లో పెట్టుకుని. ఏదైనా మాట్లాడాలంటే ముందు చుట్ట తీయాలి కదా, అంచేత ఆవిడ తక్కువ మాట్లాడేది. చుట్ట తీసిందంటే ఇంట్లో అందరం అటు తిరిగేవాళ్ళం. ఒకప్పుడు ఎవరో దొర ఇంట్లో ఆయాగా చేసిందని మాకు తెలుసు. ఏ దొరో, ఎన్నాళ్ళు చేసిందో మాకు తెలియదు, మేము అడగనూ లేదు.

నాకు పన్నెండో ఏడు వచ్చిన సంవత్సరం, వానలు వెళ్ళాక, నాన్నకు క్లారా మేంసాబ్ నుంచి కబురు వచ్చింది. క్లారా మేంసాబ్ ఆంగ్లో ఇండియన్. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలకు కుట్టుపని, చిత్రలేఖనం నేర్పి రిటైరయింది. తండ్రి ఒకప్పుడు వర్క్‌షాపులో పెద్ద ఫోర్‌మన్. ఉద్యోగం అయిపోయాక ఆయన పూరీ గేట్ దగ్గర కట్టుకున్న ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉండేది. సన్నపని బాగా చేసే వడ్రంగి ఎవరని వాకబు చేస్తే ఎవరో నాన్న పేరు చెప్పారు. ఆదివారం నాన్న నన్ను కూడా సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఎందుకంటే మేంసాబ్ ఇంగ్లీషులో చెబితే అర్థం చేసుకోవడానికి నేను పనికొస్తానని. ఆ అవసరం రాలేదు. ఆవిడ తెలుగు మాట్లాడింది. కాకపోతే అది మూడేళ్ళ పిల్ల తెలుగు. నలుగురు పిల్లల తండ్రిని పట్టుకుని “కూకో. బువ్వ తిన్నావా?” అంది. నాన్న నవ్వు ఆపుకోడానికి పైకప్పు వైపు చూశాడు. మిగతాది హిందీలో చెప్పింది.

ముందుగది చివర గాజు తలుపుల బీరువా లాంటిది ఒకటి ఉంది. అది బీరువా కాదు, బొమ్మరిల్లు. ఆవిడకు పదేళ్ళప్పుడు తండ్రి తన చేతులతో చేసిచ్చాడట. ఆవిడ పుట్టి పెరిగిన పాత రైల్వే బంగళా, గోడలు, మెట్లు, వరండా, అన్నీ అడుక్కి అంగుళం లెక్కన. కింద హాలు, భోజనాల గది. పైన పడకగది, పిల్లల గది. పిల్లల గది జానెడు ఉంటుంది. మేంసాబ్ ఆ వానాకాలం జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు లోపలికి చెద పట్టింది. గోడలు దళసరి టేకు కావడంతో నిలిచాయి గాని, లోపలి సామానంతా పుచ్చిపోయింది. ఒక కుర్చీని ఆవిడ వేళ్ళతో ఎత్తబోతే పొడై రాలింది. “అన్నీ మళ్ళీ కావాలి. అప్పటివి అప్పటిలాగే కావాలి” అంది. చెక్కకోసం తండ్రి రాసుకునే పాత బల్లను చూపించింది. దాన్నే కోసి చేయమంది. నాన్న ఆ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో కొట్టి చూసి, సరేనన్నాడు.

ఆ తరువాత నాలుగు నెలలపాటు నాన్న సెలవు రోజులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. మా పెరట్లో కూడా సాయంత్రాలు అదే పని. రైలు పెట్టెల బల్లలు చేసే చేతులు బొటనవేలంత కుర్చీకి కాళ్ళు తిప్పడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. చిత్రిక పనికిరాదు, ఉలి పనికిరాదు. విరిగిన గొడుగు పుల్లను సానపట్టి ఉలి చేసుకున్నాడు. మేంసాబ్ కొలబద్ద పట్టుకుని పక్కనే కూర్చునేది. టోపీలు తగిలించే కొయ్య, చేతులు కడుక్కునే గిన్నె, దాని బల్ల, పైకప్పుకు వేలాడే గుడ్డ పంకా, దోమతెర కట్టే మంచం, ఒక్కొక్కటే తయారయ్యాయి. హాల్లో అందంగా ఉంటుందని నాన్న ఒక బల్లకు సొరుగు పెట్టి ఇత్తడి పిడి బిగిస్తే, “అప్పటికి మాకు ఇలాంటిది లేదు” అని తిప్పి ఇచ్చేసింది. దీపాలన్నీ కిరసనాయిలువే. “అప్పటికి కరెంటు లేదు.” ఆవిడ నోట రోజుకు పదిసార్లు ఆ ‘అప్పటికి’ వచ్చేది.

నాకు పని పూలతో పడింది. రైల్వే పూల ప్రదర్శనలో ఏటా చిన్న అలంకరణల పోటీ ఒకటి ఉండేది. పాత్ర, పువ్వు, ఆకు కలిపి నాలుగంగుళాలు దాటకూడదు. మేంసాబ్ అందులో ఎన్నో ఏళ్ళుగా పాల్గొంటోంది. కుట్టుపనికి వేలికి తొడుక్కునే తొడుగు, సెంటు సీసా మూత, గవ్వ, ఇవి ఆవిడ పూలపాత్రలు. పువ్వులు కూడా తోటలోవి కావు. కొత్తిమీర పువ్వు, ఆవ పువ్వు, తులసి వెన్ను, గోడ వార మొలిచిన గడ్డిచామంతి, అత్తిపత్తి పువ్వు. ముల్లు తీసే చిమటాతో ఒక్కొక్కటే గుచ్చేది. “మొదట పొడుగుది. తరవాత దానికంటే కొంచెం పొట్టిది. చివరికి ఖాళీ. ఖాళీ కూడా పెట్టాలి” అని నేర్పింది. అంతవరకు నాకు పువ్వులంటే జడలోవి, దేవుడి పటం మీదవి. ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదని మా ఇంటి లెక్క. ఖాళీ కూడా పెట్టాలన్న మాట నాకు కొత్త.

బొమ్మరింటికి మాత్రం నిజం పువ్వులు పనికిరావు. గంటలో వాడిపోతాయి. అందుకని బెండు పువ్వులు చేశాను. గోల్‌బజార్‌లో బెంగాలీ పెళ్ళిళ్ళకు తెల్లటి బెండు కిరీటాలు చేసే ముసలాయన ఉండేవాడు. “దాదా, ముక్కలుంటే ఇస్తారా” అంటే గుప్పెడు తుక్కు కాగితంలో పోసి ఇచ్చేవాడు. దాన్ని బ్లేడుతో ఉల్లిపొర కంటే పల్చగా కోసి, తడిపి, గుండుసూది చుట్టూ చుడితే గులాబీ అయ్యేది. పసుపు, కుంకుమ, నీలిమందు, సిరా, ఇవీ నా రంగులు. మిరియపు గింజంత గులాబీలు చేసి సెంటు సీసా మూతలో అమర్చి తీసుకెళ్తే, మేంసాబ్ కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, “హాల్లో గులాబీలు ఉండేవి కావు. అమ్మకు పడేవి కావు” అని పక్కన పెట్టేసింది. రెండోసారి తెల్లవి చేశాను. అవి భోజనాల బల్ల మీదికి చేరాయి. ఆ రోజు మా బడిలో నాకు లెక్కల్లో సున్నా వచ్చింది, నేను పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పిల్లల గదిలో సామాను పెడుతున్నాం. నాన్న చేసిన చిన్న మంచం, దానికి కటకటాలు. మేంసాబ్ దాన్ని గోడవార పెట్టి, కిటికీ కింద చోటు చూపించి, “ఇక్కడ నా పెద్ద బొమ్మ ఉండేది” అంది. కళ్ళు మూసి తెరిచేదట. ఏడ్చేదట కూడా. ఒళ్ళు వెచ్చగా ఉండేదట. ఒకసారి చక్రధర్‌పూర్‌లో అమ్మమ్మగారింటికి పంపి, చాలా రోజుల తరువాత తీసుకొచ్చేసరికి బొమ్మ లేదు. ఎవరో ఎత్తుకుపోయారని ఇంట్లో చెప్పారు. “అలాంటి బొమ్మ మళ్ళీ ఎక్కడా చూడలేదు. కలకత్తాలో కూడా వెతికాను” అంది మామూలుగా. నేను కూడా మామూలుగానే విన్నాను.

ఆ సాయంత్రం పెరట్లో నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటే ఏదో ఒకటి చెప్పాలని ఈ సంగతి చెప్పాను. నాయనమ్మ చుట్ట తీసింది.

“ఏటి బొమ్మ?”

“పెద్ద బొమ్మట నాయనమ్మా. ఏడ్చేదట.”

“ఆ మేంసాబు పేరేటి?”

“క్లారా.”

నాయనమ్మ చేట పక్కన పెట్టింది. తరువాత నాన్నను పిలిచి, “ఒరే అప్పలసామీ, ఒచ్చే ఆదివారం నన్ను కూడా తోలుకెల్లు. ఆ ఇల్లు ఒకపాలి సూడాల” అంది. ఎందుకని నాన్న అడిగితే చుట్ట మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది.

ఆదివారం రిక్షాలో వెళ్ళాం. తన తల్లి ఒకప్పుడు ఎవరో దొరగారింట్లో ఆయాగా చేసిందని నాన్న చెబితే, మేంసాబ్ సంతోషపడి కూర్చోమంది. నాయనమ్మ కూర్చోలేదు. తిన్నగా బొమ్మరింటి దగ్గరికి వెళ్ళి, గాజు తలుపులు తీయించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూసింది.

“ఈ టోపీల కొయ్య ఇక్కడ కాదు. గుమ్మానికి ఎడమేపు” అంది. మేంసాబ్ నాన్న వైపు చూసింది. “పంకా తాడు ఈ గోడలోంచి రాదు. వరండా గోడలోంచి వొస్తాది. లాగీవోడు అక్కడ కూకునీవోడు. ఈ గిన్నె బల్లకి ఒక కాలు పొట్టి. అడుగున పెంకు ముక్క ఎట్టీవోల్లం.”

మేంసాబ్ కళ్ళజోడు సర్దుకుని పెన్సిలు, కాగితం తీసింది. “అచ్ఛా, అచ్ఛా” అంటూ రాసుకుంది. “నువ్వు ఆ బంగళాలోనే చేశావా?” అని అడిగింది. ఆవిడ గొంతులో పెద్ద బహుమతి దొరికినంత ఆనందం ఉంది. నిజానికి ఇందులో పెద్ద వింతేమీ లేదు. ఊరు చిన్నది, దొరల ఇళ్ళు కొన్నే, వాటిలో పనికి వెళ్ళిన మావాళ్ళూ కొందరే. నాయనమ్మ అప్పటికే పై అంతస్తు చూస్తోంది.

“రెండో మంచం ఏదమ్మా?” అంది.

“ఏ రెండో మంచం?”

“పిల్లల గదిలోది. కిటికీ కింద ఉండీది.”

“ఒక్కటే మంచం. నేను ఒక్కదాన్నే” అంది మేంసాబ్ తన చిన్నపిల్ల తెలుగులో.

“ఇద్దరు. నువ్వు పెద్దదానివి. మేబులు సిన్నది.”

“అది బొమ్మ.”

“బొమ్మ కాదు మిస్సీ బాబా. నా పాలు తాగిన పిల్ల.”

దొరల ఇళ్ళ ఆడపిల్లలను ఆయాలు పిలిచే పిలుపు అది. మేంసాబ్ పెన్సిలు కింద పెట్టింది. కాగితం మడిచింది. గాజు తలుపులు రెండూ మెల్లగా మూసి, గడియ పెట్టింది. ఆ తరువాత నాన్నతో హిందీలో, “మీ అమ్మ ముసలిదైపోయింది అప్పలస్వామీ. ఇంటికి తీసుకెళ్ళు. పని ప్రస్తుతానికి చాలు. మళ్ళీ కబురు చేస్తాను” అంది. మేము వచ్చేశాం. ఇంటికొచ్చాక నాన్న, నేను ఎప్పుడూ వినని గొంతుతో, “ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకమ్మా? ఆవిడకి తెలీకపోతే నీకేటి పోయింది?” అన్నాడు.

“ఆవిడే అన్నాది కదా, అప్పటిలాగే ఉండాలని” అంది నాయనమ్మ.

జరిగినది మాకు అప్పుడు చెప్పింది. పెరట్లో అమ్మ బట్టలు ఆరేస్తూ, నేను గడప మీద కూర్చుని విన్నాం. నాన్న పుట్టిన మూడు నెలలకు దొరగారింట్లో రెండో పాప పుట్టింది. దొరసానికి పాలు పడలేదు. పసివాణ్ణి ఎత్తుకునే నాయనమ్మ ఆ ఇంట్లో కుదిరింది. “మీ నాన్నకి ఒక పక్క, మేబులుకి ఒక పక్క. ఇద్దరికీ సరిపోయినాయి” అంది. పాపకు తొమ్మిదో నెలలో జ్వరం వచ్చింది. పెద్దపిల్లకు అంటుకుంటుందని క్లారాను చక్రధర్‌పూర్ పంపేశారు. నాలుగు రోజులకు పాప పోయింది. దొర ఆ మంచాన్ని తానే పెరట్లోకి మోసుకెళ్ళి విప్పేశాడు. ఇంట్లో ఆ పేరు ఎత్తవద్దని అందరికీ చెప్పాడు. వారం తిరక్కుండా నాయనమ్మను కూడా పంపేశారు.

“నువ్వేం చేశావని?” అని అడిగాను.

“నానేటీ సెయ్యలేదు. నా సంకలో మీ నాన్న ఉన్నాడు. దొరసాని సూడలేకపోయినాది. ఒక రోజు సూసినాది, రెండు రోజులు సూసినాది. మూడో రోజు, పైడమ్మా నువ్వెల్లిపో అన్నాది. కోపంగా కాదు. నాను వొచ్చీసినాను.” నాయనమ్మ చుట్ట కోసం వెతుక్కుని, “ఎక్కడ పాతినారో కూడా నాకెరిక లేదు. రానివ్వనేదు” అంది.

మేంసాబ్ నుంచి కబురు రాలేదు. సగం చేసిన పుస్తకాల అర మా కిటికీలో అలాగే ఉండిపోయింది. నాన్న గొడుగు పుల్ల ఉలికి తుప్పు పట్టకుండా నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాడు. నేను అలవాటు కొద్దీ బెండు కోస్తూ కూర్చునేదాన్ని. ఆ మాట నాయనమ్మకు చేరేసింది నేనే కాబట్టి ఇదంతా నావల్లే జరిగిందని నాకు గట్టిగా అనిపించేది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననుకునేదాన్ని. నెల తరువాత పూల ప్రదర్శన జరిగింది. బడి పిల్లలతో కలిసి వెళ్ళాను. చిన్న అలంకరణల బల్ల మీద మేంసాబ్‌వి ఏవీ లేవు. ఆవిడ పేరు రాసిన చీటీ ఒక్కటే ఉంది, దాని ముందు ఖాళీ.

మరో పది రోజులకు, మధ్యాహ్నం వేళ, మేంసాబ్ తానే మా వీధిలోకి వచ్చింది. రిక్షా దిగి, గొడుగు మడిచి, క్వార్టర్ల నంబర్లు చదువుకుంటూ నడిచింది. నిమ్‌పురా ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. అమ్మ కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తబోతే వద్దని, నాయనమ్మ కూర్చున్న నులకమంచం మీదే ఓ చివర కూర్చుంది. చేతిసంచిలోంచి ఉత్తరం తీసింది గాని చదవలేదు.

“పిన్నికి రాశాను. జవాబు వచ్చింది. మేమందరం మీ అమ్మకు మాటిచ్చాం, అంచేత చెప్పలేదు అంది” అని హిందీలో చెప్పింది. ఉత్తరం మళ్ళీ సంచిలో పెట్టేసింది. తరువాత తెలుగులో, చిన్నపిల్లలాగే, “జుట్టు ఏ రంగు?” అని అడిగింది.

“కొబ్బరి పీసు రంగు. నీది నలుపు.”

“బాగా ఏడ్చేదా?”

“ఏడిసీది. నువ్వు ఎత్తుకుంటే మానీసీది. నువ్వు ఎత్తలేకపోయీదానివి, సగం నేల మీద ఈడిసీదానివి. అయినా మానీసీది.”

మేంసాబ్ గొడుగు పిడి వైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మ మంచినీళ్ళు ఇస్తే తాగింది. లేచేటప్పుడు, “ఆ రోజు నిన్ను పొమ్మన్నాను” అంది. నాయనమ్మ, “మీ యమ్మ కూడా అన్నాది. ఏటవుతాది, రిక్షా ఎక్కు” అంది. వాళ్ళిద్దరి మధ్యా క్షమాపణ అంటూ జరిగింది అంతే.

నాన్న రెండో మంచం చేశాడు. మొదటిదాని కంటే చిన్నది, కటకటాలు ఇంకా దగ్గర దగ్గరగా. ఆ పాత రాతబల్ల చెక్కలో మిగిలిన మంచి ముక్క దానికే సరిపోయింది. దాన్ని లోపల పెట్టే రోజున నాయనమ్మను పిలిపించారు. మేంసాబ్ చిమటాతో మంచాన్ని పట్టుకుని, “ఎటు వైపు?” అని అడిగేది, నాయనమ్మ “ఇంకొంచెం కిటికీ పక్కకి” అనేది. సరిగ్గా కుదిరాక, “ఇంక మద్దిలో నా సాప” అంది నాయనమ్మ.

నాన్న సిగ్గుపడ్డాడు. “చాపెందుకమ్మా?”

“మరి నానెక్కడ తొంగున్నాననుకున్నావు? ఒక సెయ్యి ఈ మంచం మీద, ఒక సెయ్యి ఆ మంచం మీద.”

మేంసాబ్ కొలిచే టేపు తీసి, నాయనమ్మను తలుపుకు ఆనించి నిలబెట్టి, ఎత్తు కొలిచింది. నాలుగడుగుల పది అంగుళాలు. “చాప అయిదంగుళాలు” అని కాగితం మీద రాసి నాకు ఇచ్చింది. తుంగను సూదితో చీల్చి, పాయలు చేసి, ఎర్రదారం అంచు పెట్టి అల్లాను. మూడు చెడిపోయాయి, నాలుగోది నిలిచింది. ఆ గదికి ఏ పువ్వులు చేయమంటారని అడిగితే మేంసాబ్ నాయనమ్మ వైపు చూసింది. “పువ్వులేవీ నేవు. మేబులు నోట్లో ఎట్టీసుకునీది” అంది నాయనమ్మ. ఇంటి నిండా నా పువ్వులున్నాయి గాని ఆ ఒక్క గదిలో లేవు. అప్పుడు చిన్నతనంగా అనిపించింది.

ఆ తరువాత రెండేళ్ళు మేంసాబ్ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేది. నాయనమ్మ కూడా వెళ్ళేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నేను పెద్దదాన్నవుతున్నాను, నాకు నా స్నేహితురాళ్ళు, పరీక్షలు. ఊళ్ళో ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజులవి. మేంసాబ్‌ను కూడా బంధువులు ఆస్ట్రేలియా రమ్మన్నారు. నాన్న బొమ్మరింటికి పెట్టె కట్టాడు. ప్రతి కుర్చీని దూదిలో చుట్టి, ఖాళీలన్నీ రంపపు పొట్టుతో నింపాడు. చాపను మాత్రం మేంసాబ్ తన చేతిసంచిలో పెట్టుకుంది. నాయనమ్మకు మోకాళ్ళు పట్టేయడం వల్ల స్టేషనుకు రాలేదు. మేంసాబ్ ముందురోజే వచ్చి చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు ఇలాంటి బొమ్మరిళ్ళు పెట్టెల్లో దొరుకుతున్నాయి. మా మనవరాలు ఆ మధ్య ఒకటి తెప్పించింది. వేలెడంత సోఫా, దీపం, గాజు కూజాలో గులాబీలు, అన్నిటికీ నంబర్లు, అంటించడానికి జిగురు. రెండు గంటల్లో ఇల్లు తయారయింది. చేతిపని చక్కగా ఉంది. నాన్న చూస్తే అతుకులు మెచ్చుకునేవాడు. అది ఎవరి ఇల్లని అడిగితే పిల్ల నవ్వింది. ఎవరి ఇల్లూ కాదు. మేలు అంటున్నానో కీడు అంటున్నానో నాకే తెలియదు. ఎవరి ఇల్లూ కాని ఇంట్లో తప్పు పెట్టడానికి ఎవరూ రారు, ఆ సుఖం ఒకటి ఉంది. క్లారా మేంసాబ్ ఇంట్లో ప్రతి వస్తువుకూ సాక్షి కావలసి వచ్చేది. ఆ సాక్షి పెద్ద ఇంటి మనిషి కాకపోవచ్చునని, నేల మీద పడుకున్న మనిషికి గదులు ఇంకాస్త బాగా గుర్తుంటాయని నాకు తెలిసింది అక్కడే. తరువాత రాసిన రాతల్లో ఆ సంగతి నాకు పనికొచ్చింది. బడిలో చెప్పినవాటిలో అంత పనికొచ్చినది తక్కువ.

మేంసాబ్ వెళ్ళిన ఏడాదికి నాన్న పేర ఉత్తరం వచ్చింది. నేనే చదివి తెలుగులో చెప్పాను. ఇల్లు క్షేమంగా చేరింది, హాల్లో పెట్టాం, చుట్టుపక్కల వాళ్ళు చూడడానికి వస్తారు, అని రాసింది. ‘ఇంత చక్కటి పిల్లల గదిలో నేల మీద ఆ చాపేమిటని ప్రతివారూ అడుగుతారు. పైడమ్మది అంటాను. పైడమ్మ ఎవరో వాళ్ళకు తెలియదు కనుక మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది. మేబుల్ సంగతి కూడా చెబుతాను.’

చదవడం అయ్యాక నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. జవాబు ఏమని రాయమంటావని నాయనమ్మను అడిగాను. చుట్ట తీసింది.

“ఆ సాపని అప్పుడప్పుడు ఎండలో ఎట్టమను. నేకపోతే పురుగు పట్టీస్తాది.”

అలాగే రాశాను.